గోల్ఫ్ మైదానం దాటిన బండి: మీ పనికి ఏది తగుతుంది?

గోల్ఫ్ కార్టును రూపొందించినవాళ్ల మనసులో ఉన్న పని చాలా చిన్నది. ఇద్దరు మనుషులు, రెండు సంచులు, నున్నగా కత్తిరించిన గడ్డి, అక్కడక్కడ కాస్త ఏటవాలు. కొంచెం దూరం పోవడం, ఆగడం, మళ్లీ కదలడం. సాయంత్రానికి షెడ్డుకు చేరి తెల్లవారేదాకా ఛార్జింగ్‌లో ఉండటం. సీటు ఎత్తు మొదలుకొని బ్రేకుల దాకా ఆ బండిలో ప్రతి భాగమూ ఈ పనికి కొలిచి కుట్టిన చొక్కా లాంటిది. అందుకే దాన్ని మైదానం బయటికి తెచ్చుకోవాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే: మీ పని ఆ మొదటి పనికి ఎంత దగ్గరగా ఉందో చూసుకోండి. దగ్గరగా ఉంటే ఇంత సుఖంగా, నిశ్శబ్దంగా, తక్కువ ఖర్చుతో నడిచే బండి మరొకటి దొరకదు. దూరం జరిగినకొద్దీ బండికి ఒక్కో మార్పు చేయించాల్సి వస్తుంది. మరీ దూరమైతే వేరే రకం బండి కొనుక్కోవడమే మేలు.

నేను ఒక మొక్కల నర్సరీలో బండ్ల బాగోగులు చూస్తాను. కొందరు బ్యాటరీ కారు అని, కొందరు బగ్గీ అని పిలిచే ఈ బండ్లు మా దగ్గర మూడు రకాలున్నాయి. కొనాలనుకునేవాళ్లు వచ్చి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి: ఎంత వేగం పోతుంది, ఎన్ని సీట్లు, ఏ బ్యాటరీ మంచిది. దారి గురించి ఎవరూ అడగరు. నా అనుభవంలో బండిని ఎంచేది దారే.

మొదటి పనికి దగ్గరగా ఉన్న పనులు చాలానే ఉన్నాయి. ఆసుపత్రిలో ఒక భవనం నుంచి ఇంకో భవనానికి రోగిని చేర్చడం, విశ్వవిద్యాలయం ఆవరణలో కాపలా తిరగడం, జంతు ప్రదర్శనశాలలో నడవలేని పెద్దవాళ్లను తిప్పి చూపించడం, విమానాశ్రయంలో ప్రయాణికులను గేటు దాకా దింపడం, పెద్ద గోదాములో పనిముట్లతో మెకానిక్ అటూ ఇటూ తిరగడం. అన్నిట్లోనూ నేల చదును, వేగం తక్కువ, ఆగడాలు ఎక్కువ. విద్యుత్ మోటారుకు ఇది నప్పే పని. నిలబడినచోటు నుంచే పూర్తి బలంతో లాగుతుంది, ఆగినప్పుడు ఏమీ ఖర్చు చేయదు.

ఊళ్లకు ఊళ్లే ఈ బండ్ల మీద తిరిగే చోట్లు కూడా ఉన్నాయి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న పీచ్‌ట్రీ సిటీలో ఇలాంటి బండ్లు, సైకిళ్లు, పాదచారుల కోసం సుమారు 160 కిలోమీటర్ల దారులు వేశారు. పెద్ద రోడ్లు అడ్డొచ్చిన చోట కింద సొరంగాలు, పైన వంతెనలు కట్టారు. హైస్కూలు పిల్లలు సైతం బడికి ఈ బండ్లలో వస్తారు. కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న కాటలీనా ద్వీపంలో, అవలాన్ పట్టణంలో కార్ల సంఖ్య మీద కట్టడి ఉంది కాబట్టి జనం ఇలాంటి చిన్న బండ్లకు అలవాటు పడ్డారు. హాంకాంగ్‌లోని డిస్కవరీ బేలో సొంత కార్లకు అనుమతి లేదు. ఆస్ట్రేలియాలోని హామిల్టన్ ద్వీపానికి వెళ్లినవాళ్లు బగ్గీని అద్దెకు తీసుకుని తిరుగుతారు. ఈ నాలుగు చోట్లా గమనించవలసింది ఒకటుంది. బండి ప్రత్యేకమైనది కాదు. దానికోసం దారి వేశారు, లేదా పెద్ద బండ్లను పక్కకు తప్పించారు.

దారిని కొలవడం

మీ దారిలో అతి నిటారుగా ఉన్న చోటుకు వెళ్లండి. మీటరు పొడవున్న కర్రను ఒక కొన నేలకు ఆనించి, రసమట్టం పెట్టి అడ్డంగా సరిగా పట్టుకోండి. రెండో కొన కింద ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉందో అదే మీ ఏటవాలు శాతం. 10 సెంటీమీటర్లు ఉంటే 10 శాతం.

ఆ 10 శాతం చూడటానికి ఏమంత పెద్దదిగా కనిపించదు. కానీ లెక్క చూడండి. లెడ్-యాసిడ్ బ్యాటరీలున్న రెండు సీట్ల బండి దాదాపు 450 కిలోలు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి 350 కిలోలు వేస్తే 800 అయింది. చదునైన గట్టి నేల మీద దీన్ని దొర్లించడానికి 15 నుంచి 20 కిలోల బరువంత లాగుడు చాలు. 10 శాతం ఏటవాలు ఎక్కాలంటే దానికి తోడు ఇంకో 80 కిలోల లాగుడు కావాలి. మోటారు మీద భారం ఒక్కసారిగా అయిదింతలవుతుంది. తయారీదారు చెప్పే కిలోమీటర్ల లెక్క చదును నేలది. మీ దారిలో సగం ఎక్కుడు అయితే ఆ లెక్కను నమ్ముకుని కొనకండి.

ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం. ఈ బండ్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకు మాత్రమే ఉంటాయి. దాని అర్థం నాకు ఒక వాన సాయంత్రం తెలిసింది. వెనక పెట్టెలో తడిసిన కొబ్బరిపొట్టు బస్తాలు వేసుకుని పై మడుల నుంచి కిందికి వస్తున్నాను. గడ్డి తడిగా ఉంది. మలుపుకు ముందు బ్రేకు తొక్కగానే వెనక చక్రాలు బిగుసుకున్నాయి. బండి ఆగలేదు, వెనక భాగం పక్కకు జారడం మొదలుపెట్టింది. పెడలు వదిలితే చక్రాలు మళ్లీ తిరిగి బండి తిన్నబడింది, కంచె కర్రలు రెండు విరిగాయి. దిగువకు వచ్చేటప్పుడు బరువంతా ముందు చక్రాల మీదికి వాలుతుంది. పట్టు ఉన్నది అక్కడ, బ్రేకు ఉన్నది వెనక. ఆ రోజు నుంచి ఏటవాలు దారికి బండి చూసేవాళ్లకు నాలుగు చక్రాలకూ బ్రేకులున్నది తీసుకోమని, ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) మోటారుతో, యాక్సిలరేటరు పెడలు వదలగానే తనంతట తానే వేగం తగ్గించుకునే రకమైతే ఇంకా మంచిదని చెబుతున్నాను. ఈ రెండూ లేకుండా 10 శాతం దాటిన దారిలో బరువుతో కిందికి దిగవద్దు.

వెడల్పు సంగతి తొందరగా తేలిపోతుంది. సాధారణ రెండు సీట్ల బండి సుమారు 1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవు ఉంటుంది. మీటరున్నర బాటలో హాయిగా పోతుంది. ఆరు సీట్లది వెడల్పులో అంతే ఉన్నా పొడవు ఎక్కువ కాబట్టి తిరగడానికి చాలా చోటు కావాలి. మీ దారిలో ఉన్న అతి ఇరుకు మలుపును కొలిచి, అమ్మేవారిని ఆ బండి తిరిగే వలయం ఎంతో అడగండి.

మనుషులకా, సామానుకా

ఈ ప్రశ్నకు "రెండింటికీ" అని జవాబిచ్చేవాళ్లే ఎక్కువ. దానికోసం అమ్మేది వెనక సీటును మడిస్తే చెక్కబల్లలా మారే నాలుగు సీట్ల బండి. ఇది ఇళ్లకు, విశ్రాంతి గృహాలకు, అప్పుడప్పుడు మాత్రమే సామాను మోసే చోట్లకు బాగుంటుంది. రోజంతా బస్తాలు మోసే పనికి పనికిరాదు. ఇందులో మోయగలిగే బరువు రెండు సీట్ల బండి కన్నా పెద్దగా పెరగదు. మనుషులు, సామాను అన్నీ కలిపి 360 కిలోల దగ్గర ఆగే బండ్లు చాలా ఉన్నాయి. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితేనే అందులో చాలా భాగం అయిపోయింది, సామానుకు మిగిలింది కొంచెమే.

వెనక్కి తిరిగి కూర్చునే ఆ సీటు గురించి ఇంకో మాట చెప్పాలి. బండి ఒక్కసారి ముందుకు కదిలితే అందులో కూర్చున్నవాళ్లు బయటికి వాలిపోతారు. పట్టుకోవడానికి గట్టి కడ్డీ, కాళ్లు ఆనడానికి పలక, నడుముకు బెల్టు ఉన్నాయో లేదో చూడండి. పాదాలు పలకకు ఆనని చిన్న పిల్లలను అక్కడ కూర్చోబెట్టకండి. ముందు సీట్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఈ బండికి తలుపులు లేవు, సీటు నున్నగా ఉంటుంది. గట్టిగా తిప్పిన మలుపులో పక్కన కూర్చున్నవాళ్లు జారి పడటం ఈ బండ్లతో వచ్చే దెబ్బల్లో ముఖ్యమైనది.

పెద్దవాళ్లను తిప్పడానికి అయితే ముందుకు చూసే సీట్లున్న బండే తీసుకోండి. సీట్ల సంఖ్య కన్నా అడుగు పెట్టే మెట్టు ఎత్తు ముఖ్యం. ఎక్కుదల ఎలా ఉందో తెలియాలంటే మీ ఇంట్లోనో సంస్థలోనో మోకాళ్ల నొప్పులున్న ఒకరిని తీసుకెళ్లి ఎక్కించి చూడండి. మా నర్సరీకి వచ్చే ఒక పెద్దావిడ బండి దగ్గరికి రాగానే ముందు చేత్తో కడ్డీని వెతుకుతారు, అది దొరికాకే కాలు ఎత్తుతారు. పైకప్పు స్తంభమే పట్టుకోవాల్సి వచ్చే బండి ఆవిడకు నచ్చలేదు. దానికి రొమ్ము ఎత్తున ఒక అడ్డ కడ్డీ బిగించాక ఎవరి సాయమూ లేకుండా ఎక్కుతున్నారు. చక్రాల కుర్చీ ఎక్కించాలంటే దించుకునే పలక, కుర్చీని నేలకు కట్టే పట్టీలు ఉన్న ప్రత్యేకమైన బండి కావాలి. మామూలు బండిలో కుర్చీని తాళ్లతో కట్టి తీసుకెళ్లడం క్షేమం కాదు.

సామానే ప్రధానమైతే తొట్టి బిగించి వచ్చే పనిబండ్లు వేరే ఉన్నాయి. ముందు భాగం గోల్ఫ్ కార్టులాగే ఉంటుంది. కానీ వెనక యాక్సిల్ గట్టిది, కమాన్ పట్టీలు మందం, తొట్టి ఎత్తి కుమ్మరించే వీలుంటుంది. మామూలు బండికి తర్వాత పెట్టె బిగించుకోవడం కన్నా ఇది ఎందుకు మంచిదో ఒక పాత బండి కిందికి వంగి చూస్తే తెలుస్తుంది. బరువు తట్టుకోలేక కమాన్ పట్టీలు తిరగబడి వంగిపోయి, చక్రం మడ్‌గార్డుకు రాసుకుంటూ ఉంటుంది. మేము రోజూ మట్టి, కుండీలు మోయించేది పనిబండితోనే. పెట్టె బిగించిన రెండు సీట్ల బండిని కత్తెరలు, పైపులు, మందు డబ్బాల లాంటి తేలిక పనికి ఉంచాం.

గడ్డి మైదానాలకూ మొక్కల మధ్య తిరగడానికీ నున్నని వెడల్పాటి టైర్లు వాడండి. తక్కువ గాలితో నడిచే ఈ టైర్లు నేలను నొక్కవు. గాడులు పడిన మట్టి దారులు, రాళ్లు, వాగు దాటడం లాంటివి ఉంటే గోల్ఫ్ కార్టును ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి వాడదామని చాలామంది అనుకుంటారు. ఈ సలహాను నేను ఒప్పుకోను. ఎత్తు పెరిగితే బండి పక్కకు దొర్లే అవకాశం పెరుగుతుంది, పెద్ద చక్రాలతో బ్రేకు పట్టు తగ్గుతుంది. అలాంటి నేలకు నాలుగు చక్రాలతో లాగే, నాలుగు చక్రాలకూ బ్రేకులుండే, దొర్లినా మనిషిని కాపాడే ఇనుప పంజరం ఉన్న పొలం బండ్లు వస్తున్నాయి. అవి వెడల్పు ఎక్కువ, చాలావరకు పెట్రోలు లేదా డీజిల్‌వి, చప్పుడూ ఎక్కువే. అయినా ఆ నేలకు అవే సరైనవి. ఇంకో చివర, ఒక్క మనిషి 100 కిలోల లోపు సామానుతో చదును నేల మీద తిరగడానికైతే బ్యాటరీతో నడిచే మూడు చక్రాల సైకిలు చాలు. అంతకన్నా పెద్దది కొంటే నిలిపే చోటు, బ్యాటరీల పోషణ ఊరికే మీద వేసుకున్నట్లే.

లెడ్-యాసిడ్, లిథియం, పెట్రోలు

పాత పద్ధతి లెడ్-యాసిడ్ బ్యాటరీలు. ఆరు 8 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపితే 48 వోల్టులు. ఒక్కొక్కటి 29 కిలోల దాకా ఉంటుంది, మొత్తం 170 కిలోలకు పైనే. 170 ఆంపియర్-గంటలవి అనుకుంటే కాగితం మీద 8 యూనిట్ల కరెంటు ఉన్నట్లు. కానీ సగం కన్నా ఎక్కువ వాడితే వాటి ఆయువు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 4 యూనిట్లు. చదును నేల మీద దాంతో 25 నుంచి 40 కిలోమీటర్లు తిరగవచ్చు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 16 సెల్లులు కలిపి 51.2 వోల్టులు వస్తుంది. 105 ఆంపియర్-గంటల ప్యాక్ కాగితం మీద 5.4 యూనిట్లే. చూడటానికి తక్కువ. కానీ అందులో 80 నుంచి 90 శాతం వాడుకోవచ్చు, అంటే 4.3 నుంచి 4.8 యూనిట్లు. బరువేమో సుమారు 50 కిలోలు. 120 కిలోలు తగ్గాయంటే ఇద్దరు మనుషులు దిగిపోయినంత తేలిక. ఎక్కుడు దారిలో ఆ తేడా కాలికి తెలుస్తుంది. లెడ్-యాసిడ్ బండి మధ్యాహ్నానికి మెల్లగా నీరసిస్తుంది, లిథియంది చివరిదాకా ఒకే ఊపుతో పోతుంది. దీనికి మరో వైపు కూడా ఉంది. నీరసించే బండి ముందే హెచ్చరిస్తుంది. లిథియం ప్యాక్ అయిపోగానే దానిలోని రక్షణ సర్క్యూట్ తటాలున కరెంటు ఆపేస్తుంది. మీటరు చూసే అలవాటు లేనివాళ్లు దారి మధ్యలో నిలబడిపోతారు. 0 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు లిథియం సెల్లులను ఛార్జ్ చేయకూడదన్నది చలి ప్రాంతాల వాళ్లు మరవకూడని విషయం. పాత ఛార్జరును దీనికి పెట్టకండి. లిథియం కోసం తయారైనదే వాడాలి.

ఏది ఎంచాలో తేల్చేది మనిషి. లెడ్-యాసిడ్‌కు క్రమం తప్పకుండా నీళ్లు చూసే చేయి కావాలి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, అదీ ఛార్జింగ్ పూర్తయ్యాక. ముందే నిండుగా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. ప్లేట్లు పైకి తేలి కనిపిస్తే మాత్రం అవి మునిగేంత పోసి ఆ తర్వాత ఛార్జింగ్ పెట్టాలి. వాడినా వాడకపోయినా ఛార్జింగ్ లేకుండా ఖాళీగా వదలకూడదు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటు కావాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఇవన్నీ చూసుకునే ఒక మనిషి ఉంటే అయిదారేళ్లు వస్తాయి. ఆ మనిషి లేని చోట రెండేళ్లకే పోయినవి నేను చూశాను. రోజుకొకరు నడిపే సంస్థల్లో, నీళ్లు ఎవరి బాధ్యతో తేలని చోట, ముందు ఖర్చు ఎక్కువైనా లిథియమే తీసుకోండి.

పెట్రోలు బండి ఎవరికి? రోజంతా విడవకుండా తిరిగేవాళ్లకు, కరెంటు చేరని చోట పనిచేసేవాళ్లకు. 350 నుంచి 400 సీసీ ఇంజను, 20 లీటర్లకు పైబడిన ట్యాంకు, అయిదు నిమిషాల్లో మళ్లీ సిద్ధం. మూసి ఉన్న గోదాములో, గ్రీన్‌హౌస్‌లో మాత్రం దీన్ని అడుగు పెట్టనివ్వకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. జంతువులు, రోగులు, నిద్రపోయే మనుషులు ఉన్న చోట చప్పుడు ఒక్కటే చాలు, దీన్ని వద్దనుకోవడానికి.

పాత బండి కొనేటప్పుడు

రంగు, సీటు గుడ్డ కొత్తగా మెరుస్తుంటే బ్యాటరీలు ఇంకా శ్రద్ధగా చూడాలి. చాలా కంపెనీలు బ్యాటరీ మీద నెలకు ఒక అక్షరం, ఏడాదికి ఒక అంకె ముద్రిస్తాయి. ముందు అది చదవండి. తర్వాత హైడ్రోమీటర్, అంటే యాసిడ్ సాంద్రతను చూపే గొట్టం, తీసుకోండి. మూడేళ్ల కిందట ఒక బండి చూడటానికి వెళ్లాను. రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టారు, వోల్టు మీటరు ముల్లు నిండుగా చూపించింది, నడిపితే చక్కగా పరుగెత్తింది. ఆరు బ్యాటరీలకు నాలుగేసి, మొత్తం 24 మూతలు తీసి ఒక్కో సెల్లు నుంచి యాసిడ్ పీల్చి చూశాను. 1.265, 1.270, 1.265... అన్నీ అలాగే వచ్చాయి. నాలుగో బ్యాటరీలో మూడో సెల్లు దగ్గర గొట్టంలోని తేలుడు బుడ్డి కిందనే ఉండిపోయింది. 1.190. ఆ ఒక్క సెల్లు మిగతా 23ను కిందికి లాగుతుంది. బ్యాటరీలన్నీ కొత్తవి వేయించుకునే ఖర్చును కలుపుకుని బేరం మళ్లీ మొదలుపెట్టాం.

బ్యాటరీల పళ్లెం కిందికి టార్చిలైటు వేసి చట్రం చూడండి. ఇనుప చట్రం అయితే ఏళ్ల తరబడి కారిన యాసిడ్‌తో అక్కడే తుప్పు పడుతుంది. అల్యూమినియం చట్రానికి ఆ బాధ చాలా తక్కువ. ఈ-జెడ్-గో, క్లబ్ కార్, యమహా లాంటి పాత పేర్లకు విడిభాగాలు ఏళ్ల తర్వాతా దొరుకుతాయి. పేరు వినని బండి చౌకగా వస్తే, మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలరు పాడైతే ఎక్కడ దొరుకుతుందో ముందే అడిగి తెలుసుకోండి.

లైట్లు, పంపు, రేడియో బిగించుకునేటప్పుడు ఒక తప్పు తరచూ జరుగుతుంది. 6 వోల్టుల బ్యాటరీలున్న బండ్లలో 12 వోల్టులు కావాలని వరుసలోని రెండింటి నుంచి తీగలు లాగుతారు. ఆ రెండే ఎక్కువ ఖాళీ అవుతాయి, ఛార్జరుకు ఆ సంగతి తెలియదు, కొన్ని నెలల్లో ఆ జత చచ్చిపోతుంది. మొత్తం వరుస నుంచి తీసుకుని 12కు తగ్గించే కన్వర్టరు చిన్న డబ్బాలా వస్తుంది. అది పెట్టించండి.

రోడ్డు మీదికి

గోల్ఫ్ మైదానపు బండి గంటకు 19 నుంచి 24 కిలోమీటర్లు పోతుంది, దాని బ్రేకులు, స్టీరింగు అంతవరకే. రోడ్డు కోసం తయారైన తక్కువ వేగపు బండి వేరే తరగతి. అమెరికాలో 1998లో దీనికి ప్రత్యేకంగా నియమాలు పెట్టారు: గరిష్ఠ వేగం 32 దాటి 40 కిలోమీటర్ల లోపు, హెడ్‌లైట్లు, మలుపు దీపాలు, అద్దాలు, ముందు గాజు, సీటు బెల్టులు, నిలిపే బ్రేకు ఉండాలి. మీ ప్రాంతపు రవాణా అధికారులు దేన్ని ఏ రోడ్డు మీద ఒప్పుకుంటారో కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. మామూలు బండికి వేగపు కట్టడి తీసేయించి రోడ్డెక్కించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. వేగం పెరుగుతుంది, బ్రేకు పాతదే.

నచ్చిన బండి దొరికాక షోరూము ముందున్న నున్నటి నేల మీద నడిపి డబ్బు కట్టకండి. మీ దారికే తెప్పించండి. మీరు మోసే అతి పెద్ద బరువు వేసి ఏటవాలు మధ్యలో ఆపండి, కిందికి జారకుండా మళ్లీ కదులుతుందో చూడండి. అదే బరువుతో దిగుతూ మలుపుకు ముందు బ్రేకు తొక్కండి. సాయంత్రం దాకా మీ పనే చేయించి, చివరి ఎక్కుడును ఎలా ఎక్కిందో పొద్దుటి ఎక్కుడుతో పోల్చుకోండి. ఆ ఒక్క రోజుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేనైతే కొనను.